కిలో మిర్చి మీద అరవై పైసలు: ఓడల పొగ తగ్గించే ఖర్చు ఎవరి నెత్తిన పడుద్ది?

గుంటూరు యార్డులో తూకం అయిపోయిన తేజ మిర్చి చైనా చేరాలంటే ముందు లారీ ఎక్కి ఓ 400 కిలోమీటర్లు చెన్నై రేవు దాకా పోవాలి, అక్కడ కంటైనర్లో ఓడెక్కి షాంఘై వైపు ఇంకో 7 వేల కిలోమీటర్లు అటూ ఇటూ. ఈ మొత్తం దారిలో పొగ ఎక్కడ ఎక్కువ వచ్చుద్ది అంటే ఎవరైనా ఠక్కున ఓడ అనే అంటారు, నిజమే కానీ లెక్క వేస్తే కాస్త ఆశ్చర్యంగానే ఉంటది. టన్ను సరుకుని కిలోమీటరు మోయడానికి లారీ సుమారు 80 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుద్ది అనుకుందాం, పెద్ద కంటైనర్ ఓడ 10 గ్రాములు (ఓడ సైజుని బట్టి, ఎంత నిండిందనే దాన్ని బట్టి ఇది మారుద్ది, మోటు లెక్కకి ఇది చాలు). అంటే టన్ను మిర్చికి లారీలో 32 కిలోలు, ఓడలో 70 కిలోలు. పదిహేడు రెట్లకి పైగా దూరం, పొగ మాత్రం రెండు రెట్లు చిల్లర. విమానం అయితే కిలోమీటరుకి 500 గ్రాములు దాటుద్ది, దాని జోలికి పోనక్కర్లేదు.

మరి ఇంత పొదుపుగా మోసే బండి మీద ప్రపంచమంతా ఎందుకు పడిందీ అంటే, సరుకు మొత్తం దాని మీదే ఉంది కాబట్టి. దేశాల మధ్య నడిచే సరుకులో బరువు లెక్కన 80 శాతం పైగా సముద్రం మీదే పోతది. అన్ని ఓడలూ కలిపి 2018లో వదిలిన కార్బన్ డయాక్సైడ్ 100 కోట్ల టన్నులు దాటింది, మనుషుల వల్ల వచ్చే మొత్తంలో అది దాదాపు 3 శాతం. ఇంకో సంగతి, దేశాల మధ్య తిరిగే ఓడల పొగ ఏ దేశం ఖాతాలోనూ పడదు. చెన్నైలో బయల్దేరి పనామా జెండాతో, గ్రీసు ఓనర్‌తో, ఫిలిప్పీన్స్ సిబ్బందితో షాంఘై వెళ్ళే ఓడ పొగ ఎవరిది? అందుకే ఈ పని లండన్‌లో ఉన్న ఐక్యరాజ్యసమితి సంస్థ, అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, అందరూ ఐఎమ్ఓ అనేది, దాని నెత్తిన పెట్టారు. 2023 జులైలో అది టార్గెట్లు పెట్టింది: 2008తో పోలిస్తే 2030కి కనీసం 20 శాతం, 2040కి కనీసం 70 శాతం తగ్గాలి, 2050 నాటికి దాదాపుగా సున్నా అవ్వాలి. రాసుకోవడం వరకూ బాగానే ఉంది.

ఓడలు తాగేది ఎక్కువగా హెవీ ఫ్యూయల్ ఆయిల్, రిఫైనరీలో పెట్రోలు డీజిలు తీసేసాక అడుగున మిగిలే చిక్కటి నూనె, వేడి చేస్తే గానీ పైపులో కదలదు. దాని గుణం ఒకటే, చవక. టన్ను కాలిస్తే 3 టన్నుల పైన కార్బన్ డయాక్సైడ్ వచ్చుద్ది, ఎందుకంటే నూనెలో ఉన్న కార్బన్‌కి గాల్లో ఆక్సిజన్ బరువు తోడవుద్ది. పెద్ద కంటైనర్ ఓడ రోజుకి వంద టన్నుల పైనే కాలుస్తది. కార్లలాగా వీటికీ బ్యాటరీ పెట్టెయ్యొచ్చు కదా అనే ప్రశ్న ప్రతిసారీ వచ్చుద్ది, నార్వేలో యారా బిర్కెలాండ్ అనే చిన్న ఓడ అలా నడుస్తోంది కూడా, 120 కంటైనర్లు, 7 మెగావాట్ అవర్ బ్యాటరీ. అదే బ్యాటరీ తెచ్చి 45 మెగావాట్ల ఇంజిన్ ఉన్న పెద్ద ఓడకి తగిలిస్తే తొమ్మిది నిమిషాలు నడుస్తది. హార్బర్ దాటేలోపే అయిపోద్ది. కాబట్టి సముద్రం దాటే ఓడలకి బ్యాటరీ కథ ఇప్పట్లో లేనట్టే.

అయితే కొత్త టెక్నాలజీ ఏదీ లేకుండానే రేపట్నుంచి పొగ తగ్గించే దారి ఒకటుంది, స్పీడు తగ్గించడం. ఓడని నీళ్ళలో తొయ్యడానికి కావాల్సిన శక్తి స్పీడుతో పాటు మామూలుగా పెరగదు, ఘనం చొప్పున, అంటే స్పీడుని స్పీడుతో, మళ్ళీ స్పీడుతో గుణించినట్టు పెరుగుద్ది. స్పీడు 10 శాతం తగ్గిస్తే గంటకి కాలే నూనె 27 శాతం తగ్గుద్ది, ప్రయాణం కాస్త ఎక్కువసేపు పట్టుద్ది కాబట్టి ట్రిప్పు మొత్తం మీద చూస్తే 19 శాతం మిగులు. 2008 మాంద్యం తర్వాత షిప్పింగ్ లైన్లు చేసింది ఇదే, అప్పటిదాకా 24, 25 నాట్ల (నాటు అంటే గంటకి 1.85 కిలోమీటర్లు) మీద పరిగెత్తిన కంటైనర్ ఓడల్ని 18, 20కి దించేశారు, పర్యావరణం మీద ప్రేమతో కాదు, అప్పట్లో సరుకు లేదు, ఓడలు ఎక్కువైపోయాయి, నూనె రేటు మండిపోయింది. పొగ మాత్రం నిజంగానే తగ్గింది.

మరి ఇంకా ఎందుకు తగ్గించరు? మన మిర్చి కంటైనర్ మీదే లెక్క వేద్దాం. ఓ కంటైనర్లో 14 టన్నులు, కిలో 120 రూపాయలు అనుకుంటే సరుకు విలువ 17 లక్షల దగ్గర్లో. ఓడ 10 శాతం నెమ్మదిస్తే షాంఘైకి సుమారు ఒక రోజు లేటు. ఆ ఒక్క రోజుకి సరుకు మీద పెట్టిన డబ్బుకి వడ్డీ, 10 శాతం చొప్పున, 460 రూపాయలు. ఆ కంటైనర్ వాటాకి మిగిలిన నూనె ఓ 60 కిలోలు, టన్ను నూనె 500 డాలర్లు, డాలరు 88 రూపాయలు అనుకుంటే 2,600 రూపాయల పైమాట. కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి పడుకున్న కాయకి సముద్రం మీద ఇంకో రోజు ఏమంత భారం? నష్టం 460, మిగులు 2,600, ఎవరైనా సరే అనాలి. కాకపోతే ఆ 2,600 వెళ్ళేది షిప్పింగ్ లైన్ జేబులోకి, 460 పోయేది గుంటూరు వ్యాపారి జేబులోంచి. పైగా లైనుకి కూడా ఇదంతా మిగులు కాదు, ఓడ ఒక రోజు ఎక్కువ తిరిగితే ఆ రోజు అద్దె, సిబ్బంది జీతాలు ఉంటాయి, అదే సరుకు మొయ్యాలంటే తొమ్మిది ఓడలు చేసే పనికి పది ఓడలు కావాలి. ఫ్రైట్ రేట్లు మంచి ఊపు మీద ఉన్నప్పుడు ఒక్క రోజు కూడా బంగారమే, అప్పుడు ఏ కెప్టెన్‌కీ నెమ్మదిగా పొమ్మని మెసేజ్ రాదు. సముద్రం మీద కార్బన్ సంగతి ఎక్కడ తవ్వినా చివరికి ఇక్కడికే వచ్చుద్ది, ఖర్చు ఒకడిది, మిగులు ఇంకొకడిది.

రేవుల్లో వెయిటింగ్ సంగతి ఇంకా అన్యాయం. సీజన్లో మిర్చి యార్డు బయట ఏం జరుగుద్దో గుంటూరోళ్ళకి చెప్పక్కర్లేదు, లోపల ఖాళీ ఉందో లేదో తెలియకుండానే లారీలన్నీ రాత్రికి రాత్రే వచ్చి మిర్చి టిక్కీలతో (బస్తాలతో) బారులు తీరి ఉంటాయి, ముందొచ్చినోడికి ముందు అన్న భయంతో. ఓడలూ అచ్చం అంతే. చాలా రేవుల్లో బెర్తు, అంటే ఓడ ఆగి సరుకు ఎక్కించుకునే దించుకునే చోటు, ముందొచ్చిన ఓడకే, కాబట్టి ఖాళీ లేదని తెలిసినా కెప్టెన్ ఫుల్ స్పీడులో వచ్చి లంగరేసి వరసలో నిలబడతాడు. ఇందులో తప్పు కెప్టెన్‌ది అనుకుంటే పొరపాటు, కాగితాలే అలా ఉంటాయి. బల్క్ సరుకు (బొగ్గు, ధాన్యం లాంటివి, పెట్టెల్లో కాకుండా ఓడ నిండా పోసేవి) అగ్రిమెంట్లలో ఓడ రేవుకి చేరానని నోటీసు ఇచ్చిన దగ్గర్నుంచే లోడింగ్ గడువు లెక్క మొదలవుద్ది, గడువు దాటితే సరుకు వాళ్ళు ఓడకి డెమరేజ్, అంటే ఆలస్యానికి పరిహారం, కట్టాలి. అంటే ముందొచ్చి ఖాళీగా కూర్చుంటే ఓడ ఓనర్‌కి డబ్బులొచ్చే ఏర్పాటు అన్నమాట! బెర్తు టైము ముందే చెప్పేసి ఆ టైముకి వచ్చేలా నెమ్మదిగా రమ్మనడానికి శాటిలైట్ ఫోన్ ఉంటే చాలు, దాన్ని జస్ట్ ఇన్ టైమ్ అరైవల్ అంటారు, ఐఎమ్ఓ ఏళ్ళ తరబడి చెప్తూనే ఉంది, అగ్రిమెంట్లో క్లాజు మార్చడానికి మాత్రం అన్ని పక్షాలూ ఒప్పుకోవాలి.

మన దగ్గర కాకినాడ యాంకరేజ్ రేవు చూస్తే ఇంకో రకం. బియ్యం ఓడలు ఒడ్డుకి రాకుండా దూరంగా లంగరేసుకుంటే బార్జీల మీద బస్తాలు తీసుకెళ్ళి ఎక్కిస్తారు, వాన పడితే ఆపెయ్యాలి, తడిస్తే బియ్యం పోతాయి. అలా రోజులకి రోజులు ఓడ కదలకపోయినా లోపల జనరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ పొగ ఏ స్పీడు లెక్కలోకీ రాదు.

ఇక ఓడకి తగిలించే సామాన్ల సంగతి క్లుప్తంగా. అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకించడం, ప్రొపెల్లర్ మార్చడం, ముందు భాగం ఆకారం సరిచెయ్యడం, అడుగున గాలి బుడగలు వదిలి రాపిడి తగ్గించడం, ఒక్కోటీ ఎంతో కొంత మిగులుస్తాయి. గాలి కూడా మళ్ళీ వచ్చింది, బందరు రేవుకి డచ్చోళ్ళు, ఇంగ్లీషోళ్ళు వచ్చింది తెరచాపల మీదే కదా, ఇప్పుడు అవే స్టీలు రెక్కలుగా వస్తున్నాయి. 2023 ఆగస్టులో పిక్సిస్ ఓషన్ అనే బల్కర్ ఓడ 37.5 మీటర్ల ఎత్తు రెక్కలు రెండు బిగించుకుని బ్రెజిల్ వెళ్ళింది, ఆర్నెల్ల ట్రయల్లో సగటున రోజుకి 3 టన్నుల నూనె మిగిలిందని దాన్ని నడిపిన కార్గిల్ కంపెనీ చెప్పింది. బాగానే ఉంది, కానీ కంటైనర్ ఓడ మీద డెక్కంతా పెట్టెలే, రెక్క పెట్టే చోటేదీ? పైగా ఇక్కడా అదే పేచీ, టైమ్ చార్టర్‌లో, అంటే ఓడని కొంత కాలానికి అద్దెకి తీసుకునే పద్ధతిలో, నూనె డబ్బులు అద్దెకి తీసుకున్నోడు కడతాడు, రెక్కలు బిగించాల్సింది ఓనరు. మిగిలేది అవతలోడికైనప్పుడు ఓనరు కోట్లు ఎందుకు పెడతాడు.

వీటన్నిటితో పొగ తగ్గుద్ది గానీ సున్నా అవ్వదు, దానికి నూనే మారాలి. ముందుగా వచ్చింది ఎల్ఎన్‌జి, అంటే సహజ వాయువుని మైనస్ 162 డిగ్రీలకి చల్లార్చి ద్రవం చేసింది. పొగ తక్కువే, కానీ కొన్ని ఇంజిన్లలో కాలకుండా తప్పించుకునే మీథేన్ (ఆ వాయువులో ముఖ్యమైన భాగం) 3 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటది, ఆ మీథేన్ ఇరవై ఏళ్ళ లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు ఎక్కువ వేడి పట్టుకుంటది. అంటే ముందు దార్లో తగ్గింది వెనక దార్లో తిరిగొచ్చేస్తది. తర్వాత మెథనాల్ (ఒక రకం ఆల్కహాల్), 2023లో మేర్స్క్ కంపెనీ లారా మేర్స్క్ అనే 2,100 కంటైనర్ల ఓడని, 2024లో 16 వేల కంటైనర్ల ఆనే మేర్స్క్‌ని దీని మీద నడిచేలా దించింది. మామూలు ట్యాంకులో పోసుకోవచ్చు, అదే దాని సుఖం. కష్టమేంటంటే అదే శక్తికి రెండు రెట్లకి పైగా జాగా కావాలి, పైగా అది పచ్చ మెథనాల్ అవ్వాలంటే దాన్లో ఉండే కార్బన్ చెత్త నుంచో పంట వ్యర్థాల నుంచో రావాలి, బొగ్గు నుంచి చేసిన మెథనాల్ పోస్తే నూనె కన్నా అధ్వాన్నం. పచ్చది దొరకడమే తక్కువ, దొరికినా రేటు నూనెకి రెండు మూడు రెట్లు.

అందుకే చాలామంది చూపు అమ్మోనియా మీద ఉంది. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసినోళ్ళకి ఆ ఘాటు కొత్త కాదు, అక్కడ కూలింగ్‌కి వాడేది అదే గ్యాసు, లీకైతే ఏమవుద్దో కూడా వాళ్ళకి తెలుసు. దాంట్లో కార్బనే లేదు కాబట్టి కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ రాదు. ఇంజిన్ సరిగ్గా కాల్చకపోతే నైట్రస్ ఆక్సైడ్ రావచ్చు, అది మళ్ళీ కార్బన్ డయాక్సైడ్‌కి రెండొందల రెట్లు పైన, ఆ గొడవ ఇంజిన్ తయారీదార్లు తేల్చాలి. విషవాయువు చుట్టూ సిబ్బంది నెలల తరబడి ఎలా బతకాలనేది ఇంకో గొడవ. అసలు పెద్ద చిక్కు మాత్రం కరెంటు. ఇప్పుడు ప్రపంచంలో ఏడాదికి తయారయ్యే అమ్మోనియా 18 కోట్ల టన్నుల చిల్లర, అందులో చాలా భాగం యూరియాకీ మిగతా ఎరువులకీ పోతది, అదీ సహజ వాయువు నుంచో బొగ్గు నుంచో చేసిందే. ఓడలు తాగే నూనె ఏడాదికి 30 కోట్ల టన్నుల పైమాటే, అమ్మోనియాలో శక్తి నూనెలో సగం కన్నా తక్కువ, అంటే మొత్తం దీని మీదకి మారాలంటే కనీసం 60 కోట్ల టన్నులు కావాలి. నీళ్ళని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసి పచ్చ అమ్మోనియా చెయ్యాలంటే టన్నుకి 10 వేల యూనిట్లు. గుణిస్తే 6 లక్షల కోట్ల యూనిట్లు, మన దేశం ఏడాది మొత్తం తయారుచేసే కరెంటుకి సుమారు మూడు రెట్లు, అదంతా సోలార్, గాలి, జలవిద్యుత్ లాంటిదే అయ్యుండాలి. 2050కి అసాధ్యం అనలేం కానీ, కొంత ఓడలకి, కొంత ఎరువులకి, కొంత స్టీలుకి అని పంపకం మొదలైతే డెల్టా రైతు యూరియా బస్తా కూడా ఆ క్యూలోనే నిలబడుద్ది.

తమాషా ఏంటంటే ఆ పచ్చ అమ్మోనియా తయారీకి మన తీరమే రెడీ అవుతోంది. కాకినాడలో ఏఎమ్ గ్రీన్ కంపెనీ ఏడాదికి 10 లక్షల టన్నుల ప్లాంటు పెడుతోంది, అచ్యుతాపురం దగ్గర పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన అయ్యింది. ముందు కనపడుతున్న కొనుగోలుదార్లు మాత్రం ఎక్కువగా బయట దేశాల వాళ్ళే, యూరప్ వాళ్ళకి ఎక్కువ రేటు పెట్టి కొనాల్సిన రూల్స్ ఉన్నాయి కాబట్టి. కాకినాడకొచ్చిన బియ్యం ఓడ పక్కనే తయారయ్యే ఆ ఇంధనాన్ని కొనుక్కునే రోజు రావాలంటే దాన్ని కొనక తప్పని పరిస్థితి ఎవరో ఒకరు తేవాలి.

ఆ పరిస్థితి తెద్దామనే ఐఎమ్ఓ 2025 ఏప్రిల్‌లో ఒక ఏర్పాటుకి ఓకే చెప్పింది. 5 వేల గ్రాస్ టన్నులు (ఓడ సైజు కొలత) దాటిన ఓడలు తమకి పెట్టిన హద్దు మించి పొగ వదిలితే మించిన దాని మీద టన్నుకి 100 డాలర్లు, మరీ మించితే 380 డాలర్లు కట్టాలి, ఆ డబ్బు ఒక ఫండ్‌లోకి పోయి పచ్చ ఇంధనం వాడే ఓడలకి, పేద దేశాలకి సాయంగా వెళ్ళాలి. ఓటింగ్‌లో 63 దేశాలు సరే అన్నాయి, మన దేశం, చైనా కూడా అందులో ఉన్నాయి, 16 దేశాలు వద్దన్నాయి. అక్టోబర్‌లో ఫైనల్‌గా ఆమోదం పొందాల్సిన టైముకి అమెరికా గట్టిగా అడ్డం తిరిగింది, ఒప్పుకున్న దేశాల మీద టారిఫ్‌లు, వీసా ఆంక్షలు పెడతామని బెదిరించింది, చివరికి 57 - 49 ఓట్లతో ఏడాది వాయిదా పడింది.

ఇంత గొడవ ఎంత డబ్బు కోసం? హద్దు మించిన దాని మీదే కాకుండా మొత్తం పొగ మీద టన్నుకి 100 డాలర్లు వేశారనే అనుకుందాం. టన్ను మిర్చికి సముద్రం మీద 70 కిలోల పొగ, అంటే 7 డాలర్లు, కిలోకి 60 పైసల చిల్లర. యార్డులో ఒక్క పూట బేరంలో ఇంతకి పది రెట్లు అటూ ఇటూ అవుద్ది. నూనె వదిలేసి మూడు రెట్ల రేటున్న పచ్చ ఇంధనం పోసినా కిలోకి రెండు రూపాయల దగ్గరే, కిలో 120 పలికే కాయకి రెండు శాతం కన్నా తక్కువ. ఇక్కడిదాకా చూసి ఇంత చిన్న ఖర్చుకి ఎందుకు ఏడుస్తున్నారు అనుకుంటే అది సగం నిజమే.

మిగతా సగం కాకినాడ బియ్యంలో ఉంది. ఉప్పుడు బియ్యం అక్కడ నుంచి బెనిన్, టోగో లాంటి పశ్చిమ ఆఫ్రికా దేశాలకి వెళ్తాయి, ఆఫ్రికా కింద నుంచి చుట్టి 14 వేల కిలోమీటర్లు అటూ ఇటూ. బియ్యం మోసే ఓడలకి టన్ను కిలోమీటరుకి 8 గ్రాములు వేసుకుంటే టన్నుకి 112 కిలోల పొగ. అదే 100 డాలర్ల లెక్కన కిలోకి రూపాయి. పచ్చ ఇంధనం అయితే కిలోకి మూడు రూపాయల పైన. బియ్యం రేటే కిలో 35 అయినప్పుడు అది పది శాతం దాకా పోయినట్టు. మసాలా కొనేవాడికి రెండు శాతం, బియ్యం కొనేవాడికి పది శాతం! ఒకే రూలు, ఒకే సముద్రం, కానీ చవక సరుకు, దూర ప్రయాణం, పేద కొనుగోలుదారు ముగ్గురూ కలిసిన చోట దెబ్బ గట్టిగా పడుద్ది. అందుకని పన్నే వద్దనడం తప్పు, ఎందుకంటే వేడెక్కితే ముందు మునిగేది కూడా వాళ్ళ తీరాలూ మన దివిసీమే. వసూలైన డబ్బు ఎవరికి తిరిగి వెళ్ళుద్ది అనేది రాసిపెట్టకుండా పన్ను ఒక్కటే వేస్తే మాత్రం అది అన్యాయమే.

లండన్‌లో తేలకపోతే ఆగిపోయిందనీ కాదు. యూరప్ తన లెక్క తను మొదలెట్టేసింది. 2024 నుంచి యూరప్ రేవుకి వచ్చే పెద్ద ఓడలు కార్బన్ పర్మిట్లు, అంటే వదిలే పొగకి టన్నుల లెక్కన అనుమతులు, కొనాలి, బయట దేశం నుంచి వచ్చే ట్రిప్పు అయితే సగం పొగకి. మొదటి ఏడాది పొగలో 40 శాతానికే, తర్వాత 70, 2026 నుంచి పూర్తిగా. షిప్పింగ్ లైన్లు దాన్ని కంటైనర్‌కి ఇంత అని సర్‌చార్జీ వేసి వసూలు చేస్తున్నాయి, కాబట్టి గుంటూరు నుంచి బెల్జియం వెళ్ళే పొగాకు ఫ్రైట్ బిల్లులో కార్బన్ లైను ఇప్పటికే ఉంటది, ఐఎమ్ఓ ఓటు పడినా పడకపోయినా. ఎర్రసముద్రంలో 2023 చివర్నుంచి యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదార్ల దాడులు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళడంతో దూరం పెరిగి, ఆ పొగకీ పర్మిట్లు కొనాల్సి వచ్చింది. ఒక్క తేడా, ఈ డబ్బు యూరప్ దగ్గరే ఉండిపోద్ది, బెనిన్‌కీ రాదు, బందరుకీ రాదు. లండన్ ఏర్పాటు పడిపోతే ఇలాంటివి ఒక్కో దేశం ఒక్కోటి పెడుద్ది, ఎగుమతిదారుకి కాగితం పని పెరుగుద్ది. మనలాంటి దేశాలకి అందరికీ ఒకే రూలు ఉండటమే నయం, ఎంత లోపాలున్నా.

దగ్గర్లో మన చేతిలో ఉన్నది బందరు రేవు. ఇంకా కడుతున్నారు. అక్కడ కంటైనర్ ఓడలు ఆగితే గుంటూరు నుంచి లారీ దూరం 400 నుంచి 100 కిలోమీటర్లకి దిగుద్ది, టన్ను మిర్చికి 24 కిలోల పొగ తగ్గినట్టు, ఓడ స్పీడు 10 శాతం తగ్గిస్తే మిగిలే 13 కిలోల కన్నా ఎక్కువ. అలాగని సంబరపడిపోవడానికీ లేదు, సరుకు సరిపడా లేకపోతే పెద్ద ఓడలు రావు, చిన్న ఫీడర్ ఓడలు తిరిగి కొలంబోకో చెన్నైకో మోసుకెళ్తాయి, చిన్న ఓడకి టన్నుకి పొగ ఎక్కువ, మిగిలిందాంట్లో కొంత అక్కడ పోద్ది. ఆగిన ఓడ జనరేటర్లు ఆపేసి ఒడ్డు నుంచి కరెంటు తీసుకునే ఏర్పాటు కూడా కట్టేటప్పుడే బెర్తు కింద కేబుళ్ళు వేసుకుంటే చవక, తర్వాత తవ్వితే తడిసి మోపెడవుద్ది. మన గ్రిడ్ ఇంకా ఎక్కువగా బొగ్గు మీదే నడుస్తోంది కాబట్టి మొదట్లో కార్బన్ లాభం పెద్దగా కనపడకపోవచ్చు, రేవు పక్క ఊళ్ళ వాళ్ళు పీల్చే మసి మాత్రం మొదటి రోజు నుంచే తగ్గుద్ది. బెర్తు కూడా ముందొచ్చినోడికి అని కాకుండా ముందే బుక్ చేసుకున్నోడికి ఇచ్చే పద్ధతి మొదటి ఓడ నుంచే పెట్టుకోవచ్చు, దానికి లండన్‌లో ఎవరి ఓటూ అక్కర్లేదు, రేవు నడిపేవాళ్ళ అగ్రిమెంట్లో ఒక్క పేరా చాలు.